అతుకు

సింధియా మూడో వీధి, మేడ మీద,
పెరుగు డబ్బాలో పోసిన ఇసుకలో
ముప్ఫై ఎనిమిది గింజలు మొలిచాయి.
వాటిలో ఆరు తెల్లవి.

తెల్లవంటే మల్లె తెలుపు కాదు,
మందుబిళ్ళ తెలుపూ కాదు.
ఉడికిన సగ్గుబియ్యం.
వెలుతురు ఒకవైపు దూరి
ఏమీ ముట్టుకోకుండా
రెండోవైపు నుంచి వెళ్ళిపోతుంది.

కింది వాటా పైడితల్లి బట్టలారేయడానికొచ్చి
వంగి చూసింది.
"ఏటివి మావా, బల్లిగుడ్లా?"
జెముడు పిల్లలన్నాను.
"పచ్చగుండాలి కదేటి?"
ఉండాలి.
గింజలో కట్టిచ్చిన సద్దిమూట ఉన్నంతవరకే ఇవి.
పదిహేను రోజులు, మహా అయితే ఇరవై.
ఎండుంది, నీళ్ళున్నాయి,
లోపల పొయ్యి లేదు.

ముప్ఫై రెండేళ్ళు షిప్‌యార్డులో వెల్డింగు చేశాను.
రెండు రేకుల మధ్య వెంట్రుకంత సందున్నా
సముద్రం కనిపెట్టేస్తుంది.
ఇనుముని ఇనుముతో కలపాలంటే
రెండింటినీ కరిగేదాకా ఏడిపించాలి.
ఇక్కడ నిప్పు పనికిరాదు.
కొత్త బ్లేడు, కాస్త స్పిరిటు,
ఊపిరి బిగబట్టడం.

నర్సీపట్నం నుంచి తెచ్చిన డ్రాగన్ ఫ్రూట్ కాడలు,
మూడేసి పలకలు, బాగా బలిసినవి.
ఒక్కోదాని తల తీశాను.
కోసినచోట నడిమధ్యన సన్నటి వలయం,
నీళ్ళూ తిండీ నడిచేది ఆ దారినే.
మొలకని అడుగున కోసి, బ్లేడు మీదే ఎత్తి,
దీని వలయం దాని వలయాన్ని
ఎక్కడో ఒకచోటైనా తాకేలా
పక్కకి జరిపి కూర్చోబెట్టాలి.

నా చేతులు వణుకుతాయి ఈమధ్య.
వణుక్కీ వణుక్కీ నడుమ కొంచెం ఖాళీ వస్తుంది.
పనంతా ఆ ఖాళీలోనే.

మొదటిది బ్లేడుకే అంటుకుని నలిగిపోయింది.
రెండోది చక్కగా కూర్చుంది,
తెల్లారేసరికి చీమల నోట్లో ఉంది.
మూడోదాని రాత్రి
పోర్టు వైపు నుంచి గాలి తిరిగి
మేడంతా బొగ్గుపొడి. గ్లాసు బోర్లించడం మరిచాను.
నాలుగోది కుళ్ళింది,
ఆగస్టులో ఈ ఊళ్ళో గాలే తడిగుడ్డ.
ఐదోదాని సంగతి చెప్పను.

ఆరోది,
తొమ్మిదో పొద్దున,
డాల్ఫిన్ నోస్ కొండ దాటి ఎండ దిగేసరికి
భూతద్దంలో కొంచెం లావెక్కి కనిపించింది.
పక్కలు బిగిశాయి. నడినెత్తిన
మొదటి ముల్లు. ముల్లు కూడా కాదు, నూగు.
కేకేస్తే పైడితల్లి సబ్బు చేతుల్తోనే పరుగెత్తుకొచ్చింది.
"బతికీసింది మావా!"

బతికింది. పచ్చబడలేదు,
పచ్చబడదు.
ఇప్పుడది బొటనవేలంత.
వచ్చినవాళ్ళు ఫోన్లు తీసి
తెల్లదాన్నే ఫొటో తీసుకుంటారు,
కాడ సగం కూడా పడదు అందులో.

కాడకి మాత్రం మరుపు రాలేదు.
వారానికోసారి, పలక అంచున,
కందిగింజంత పచ్చటి చిగురు తోస్తుంది.
పోయిన తల మళ్ళీ మొలిపించుకుందామని.
వదిలేస్తే తిండంతా అటే పోతుంది,
పైనున్నది నెల తిరక్కుండా ముడుచుకుపోతుంది.
అందుకని గిల్లేస్తాను.
గోటికి అంటిన జిగురు లుంగీకి తుడుచుకుంటాను.
ఇప్పటికి పధ్నాలుగు.
రాసిపెట్టుకోలేదు, గుర్తున్నాయంతే.

ఈ పొద్దున పదిహేనోది వచ్చింది.
యార్డు సైరను మోగింది, నాది కాని షిఫ్టుకి.
వేలూ బొటనవేలూ దగ్గరికి తెచ్చాను.
వణుకులో ఖాళీ వచ్చింది,
పోయింది,
మళ్ళీ వచ్చింది.

సాయంత్రం చూద్దాంలే అనుకుని
తెల్లదాని మీద గుడ్డ నీడ సర్ది
మెట్లు దిగాను.